చీలమండ బెణికితే

పరుగులో పాదం లోపలికి మడతపడితే ఎక్కువగా దెబ్బతినేది చీలమండ బయటివైపు లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ). వెంటనే ఆగిపోండి. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ గుబ్బ వెనక అంచున ఎముకను నొక్కితే నొప్పెట్టినా ఎక్స్‌రే తీయించాల్సిందే.

ఈ రెండూ లేకపోతే పలచని తువ్వాలులో ఐసు చుట్టి 15 నిమిషాలు పెట్టండి, రెండు మూడు గంటలకోసారి. క్రేప్ బ్యాండేజీని వేళ్ల మొదళ్ల నుంచి పైకి, ఒక చుట్టు మీద ఇంకోటి సగం వచ్చేలా చుట్టాలి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా బిగువు ఎక్కువైనట్టే; విప్పి మళ్లీ కట్టండి. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి.

ఇంట్లో పెద్దవాళ్లు ఎంత ప్రేమగా చెప్పినా, తొలి 48 గంటలు కాపడం, మర్దన వద్దు. వాపు పెరుగుతుంది.

నొప్పి తగ్గుతుంటే బొటనవేలితో గాల్లో అ, ఆ, ఇ, ఈ రాయండి. ఆ తర్వాత ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం సాధన చేయండి. ఇది వదిలేసి పరుగుకు దిగితే అదే కాలు మళ్లీ బెణికే ముప్పు ఎక్కువ.