తుఫాను వచ్చేలోపు హ్యామ్ కంప్యూటర్ గడియారం సరిచూసుకోండి

అక్టోబరు వచ్చిందంటే కోనసీమలో హ్యామ్‌లు (ఇష్టంతో సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లు) బ్యాటరీలు చూసుకుంటారు, యాంటెన్నా తాళ్లు బిగిస్తారు, కొబ్బరి మట్టలు తగిలే చోట వైరు పక్కకు జరుపుతారు. కంప్యూటర్ గడియారం మాత్రం ఎవరికీ గుర్తు రాదు. నెట్ ఉన్నన్నాళ్లు అది దానంతట అదే సరిగా నడుస్తుంది మరి. తుఫానులో చాలాసార్లు ముందు పోయేదే ఆ నెట్. 1996 నవంబరు 6 నాటి తుఫాను, 2018 డిసెంబరులో పెథాయ్, 2025 అక్టోబరు చివర్లో నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా... ఈ రెండు మూడు నెలల మీద నమ్మకం పెట్టుకోకూడదని మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

మాటతో, మోర్స్‌తో మాట్లాడేవాళ్లకు ఈ గొడవ లేదు. కంప్యూటరే రేడియో ద్వారా చిన్న సందేశాలు పంపి, అందుకునే ఎఫ్‌టీ8 పద్ధతితోనే చిక్కు. అందులో ప్రతి నిమిషం 15 సెకన్ల చొప్పున నాలుగు వంతులు. ఒక వంతులో మనం పంపితే, తర్వాతి వంతులో అవతలివాళ్లు పంపుతారు. పంపే సమయం 12.64 సెకన్లు, మిగిలిన కాస్త వ్యవధిలోనే డీకోడ్, అంటే సిగ్నల్‌ను అక్షరాలుగా మార్చడం, జరిగిపోవాలి. గడియారం రెండు సెకన్లు దాటి తప్పిందా, వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను గీతలుగా చూపే పట్టీ) మీద గీతలు చక్కగా కనిపిస్తాయి కానీ తెర మీద ఒక్క కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) కూడా పడదు. చాలామంది అప్పుడు యాంటెన్నాని అనుమానిస్తారు, వానలో డాబా ఎక్కుతారు. గీతలు కనిపిస్తూ అక్షరాలు రాకపోతే ముందు గడియారం చూడండి. ఇలాంటిదే, ఇంకా వేగంగా నడిచే ఎఫ్‌టీ4 వాడేవాళ్లకు వంతు 7.5 సెకన్లే, ఇంకా జాగ్రత్త అవసరం. నా లెక్కలో అర సెకను లోపల ఉంటేనే గడియారం బాగున్నట్టు.

కంప్యూటర్ గడియారాన్ని నడిపే క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షల్లో 20 వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్ల తేడా వస్తుంది. వేడి మారితే ఆ తప్పు కూడా మారుతుంది. అంటే నెట్ లేకుండా రెండు రోజులు గడిస్తే ఎఫ్‌టీ8 మూగబోవచ్చు. పాత విండోస్ అయితే నెట్ ఉన్నప్పుడు కూడా వారానికి ఒక్కసారే సమయం సరిచూసుకునేది. అందుకని హెచ్చరిక రాగానే తేదీ, సమయం సెట్టింగుల్లో సింక్ నౌ నొక్కండి. సర్వర్‌గా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ వారిది పెట్టుకోవచ్చు, మన దేశ ప్రామాణిక సమయాన్ని చూసేది వాళ్లే. మైన్‌బర్గ్ లాంటి ఎన్‌టీపీ (నెట్ ద్వారా సమయం సరిచేసే) ప్రోగ్రాం వేసుకుంటే విండోస్ సొంత టైమ్ సర్వీసును ఆపేయండి. రెండూ చెరోవైపు లాగితే గడియారం ఎటూ కాకుండా పోతుంది.

నెట్ పోయాక నిజంగా ఆదుకునేది ఉపగ్రహాల నుంచి సమయం అందుకునే యూఎస్‌బీ జీపీఎస్ రిసీవర్. కొని డబ్బాలో పెట్టుకుంటే మాత్రం సరిపోదు. రేకుల కప్పు కింద దానికి ఉపగ్రహాలు అందవు. కిటికీ దగ్గరో, అరుగు మీదో ఆకాశం కనిపించేలా పెట్టాలి. నెలల తరబడి వాడనిది అయితే మొదటిసారి కనీసం పావుగంట వదిలేయండి. ఉపగ్రహం పంపే పూర్తి సమాచారం అందడానికే 12.5 నిమిషాలు పడుతుంది. ఆలోపు అది చూపించే సమయాన్ని నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. జీపీఎస్ సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 18 సెకన్లు ముందు నడుస్తుంది, 2017 నుంచి అంతే. రిసీవర్ ఆ తేడాను ఉపగ్రహం నుంచి తెలుసుకుని తీసేస్తుంది. అది తెలిసేదాకా తన లోపల ఎప్పుడో రాసి ఉన్న పాత అంకెనే వాడుతుంది. ఆ పాత అంకె 16 అయితే మీ గడియారం రెండు సెకన్లు ముందుకు పోతుంది. ఎఫ్‌టీ8కి అంత చాలు చెడిపోవడానికి. మరీ పాత రిసీవర్లు 2019 ఏప్రిల్ తర్వాత తేదీనే దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తున్నాయి, అలాంటిది ఉంటే ఇప్పుడే పక్కన పెట్టేయండి. ఎండ కాసే రోజున నెట్ తీసేసి, జీపీఎస్ ఒక్కదానితో సాయంత్రం వరకు నడిపి చూడండి. వైఫై ఆపకుండా చేసిన పరీక్ష పరీక్ష కాదు.

జీపీఎస్ లేనివాళ్లకు బ్యాండే, అంటే రేడియోలో అందే ఇతర స్టేషన్లే, దిక్కు. ఎఫ్‌టీ8 నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రాంలో డీటీ (సమయ తేడా) అనే వరస ఉంటుంది. పది పన్నెండు స్టేషన్లకు అక్కడ ప్లస్ 1 దగ్గర అంకెలు కనిపిస్తే మీ గడియారం సుమారు సెకను ముందుంది, వెనక్కి జరపండి. మైనస్ అయితే ముందుకు. ఒక్క స్టేషన్‌ను చూసి జరపకండి, తప్పు వాళ్లదే కావచ్చు. డీకోడే కాని స్థితికి వెళ్లిపోతే ఈ ఉపాయం పనికిరాదు కాబట్టి రోజుకు రెండుసార్లయినా చూసుకోవాలి. అప్పటికీ కాకపోతే 10 మెగాహెర్ట్జ్‌లో సమయాన్ని ప్రసారం చేసే చైనా బీపీఎం స్టేషన్ టిక్కులు వినొచ్చు. గంటలో 25 నుంచి 29, 55 నుంచి 59 నిమిషాల మధ్య మాత్రం వాటిని పట్టించుకోవద్దు, అప్పుడు వచ్చేది యూటీసీ కాదు. నిమిషం టిక్కు విని చేత్తో ఎంటర్ కొట్టినా ఎఫ్‌టీ8కి సరిపోతుంది. టీవీలోనో, ఫోన్ యాప్ రేడియోలోనో వినిపించే సమయం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, అది వద్దు.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వాడుతున్నారా? నాలుగో తరం వరకు దాంట్లో గడియారమే లేదు, కరెంటు పోయి వస్తే పాత సమయంతో లేస్తుంది. చిన్న ఆర్‌టీసీ (బ్యాటరీతో నడిచే గడియారం) బోర్డు కలపండి. పాత డెస్క్‌టాప్ అయితే గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చేయండి. మన ఉప్పుగాలికి దాని పిన్నులు, యూఎస్‌బీ పోర్టులు పచ్చబడతాయి, పనిలో పనిగా అవీ తుడవండి. ఇన్వర్టర్ మీద ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టి లేపినప్పుడల్లా సమయం ఒకసారి చూసుకోండి.

ఒక మాట. ఎఫ్‌టీ8లో సొంతంగా రాసి పంపగలిగేది 13 అక్షరాలే. లంకల్లోంచి పడవ కావాలనో, మందులు కావాలనో చెప్పడానికి అది పనికిరాదు, దానికి మాటే మేలు. వాక్యాలు పంపాలంటే జేఎస్8కాల్ అనే ప్రోగ్రాం ఉంది, దానికీ గడియారం కావాలి. ఎఫ్‌టీ8తో బ్యాండ్ ఎటువైపు తెరుచుకుందో, అంటే సిగ్నళ్లు ఎటు అందుతున్నాయో తెలుసుకుని, తర్వాత మైకు పట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

నెట్ తిరిగి వచ్చాక గడియారం ఒక్కసారిగా దూకవచ్చు. ఆ క్షణంలో ట్రాన్స్‌మిట్ ఆపి, సమయం కుదురుకున్నాక మళ్లీ మొదలుపెట్టండి. లాగ్ (కాంటాక్టులు రాసుకునే పట్టిక) కూడా సరిచేయండి. టైమ్ జోన్ తప్పినా ఎఫ్‌టీ8 మామూలుగానే నడుస్తుంది, ఎందుకంటే దానికి కావాల్సింది నిమిషంలోని సెకన్లే, కాబట్టి ఈ తప్పు లాగ్‌లోనే బయటపడుతుంది. మన అర్ధరాత్రి నుంచి తెల్లవారి అయిదున్నర దాకా జరిగిన కాంటాక్టులకు యూటీసీలో ముందు రోజు తేదీ పడాలి.