లార్వాల దారి తేడా వస్తోందా? ముందు గడియారం చూడండి

సమస్య: చేప లార్వాలు (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు) ప్రవాహాల్లో ఎటు కొట్టుకుపోతాయో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్లో, బాపట్ల దగ్గరి సూర్యలంక ముందు సముద్రంలో వదిలిన లార్వాలు మీ రన్‌లో ఒక చోటికి, మీ స్నేహితుడి రన్‌లో ఇంకో చోటికి పోతున్నాయి. ప్రవాహాల ఫైళ్ళు అవే, తేదీ అదే.

కర్నూలులో నా దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే పిల్లలు చాలామంది "అనిశ్చితి ఎక్కువ సార్" అని ముందే తేల్చేసుకుని వస్తారు. మొదటి గంటలో లార్వాలు ఎక్కడున్నాయో మ్యాపు మీద గీసి మాత్రం చూడరు. అక్షాంశం 15.8, రేఖాంశం 80.6 దగ్గర వదలాల్సినవాటిని రేఖాంశం 78.6 అని కొడితే అవి ఆత్మకూరు పక్కన, నల్లమల అంచున తేలతాయి. తేదీ కూడా చూసుకోండి. మన తీరం వెంట ప్రవాహం మామూలుగా మార్చిలో ఉత్తరానికి, నవంబరులో దక్షిణానికి పోతుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే నన్ను రెండు వారాలు ఏడిపించిన కారణం ఇది. చాలా రకాల లార్వాలు రాత్రి పైకొచ్చి పగలు కిందికి దిగుతాయి. అందుకని కోడులో 18 గంటలకు పైకి, 6 గంటలకు కిందికి అని రాస్తాం. ఫైళ్ళలో సమయమేమో సాధారణంగా యూటీసీ, అంటే మన టైముకన్నా ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయం. అక్కడి 18 మనకు రాత్రి పదకొండున్నర, అక్కడి 6 మనకు పొద్దున పదకొండున్నర. అంటే ఎండ నెత్తికెక్కేదాకా లార్వాలు పైనే ఉంటాయి. పైన 12 గంటలు, కింద 12 గంటలు అన్న లెక్క సరిపోతుంది కాబట్టి రోజు సగటు ఫైళ్ళతో నడిపినన్నాళ్ళూ అనుమానమే రాదు. గంటగంట ఫైళ్ళకు మారగానే బయటపడుతుంది. సాయంత్రం ఒడ్డుకు తోసే సముద్రపు గాలి ఆ లార్వాలకు అందదు, పొద్దుటి నేలగాలి మాత్రం సముద్రం లోపలికి నెట్టేస్తుంది.

నేనేం చేశానంటే, మోడల్లో లార్వాలను అటూ ఇటూ కదిపే యాదృచ్ఛిక కదలికను పెంచుకుంటూ పోయాను. మ్యాపు మీద లార్వాల చుక్కలు మబ్బులా పరుచుకుని రెండు రన్‌ల దారులనూ కప్పేశాయి. దానికి అనిశ్చితి అని పేరు పెట్టేశాను. సిగ్గుచేటు.

పరిష్కారం: 18ని 12:30 చేయండి, 6ని 0:30 చేయండి. సూర్యుడి ఎత్తును బట్టి కదిలేలా రాస్తే ఇంకా మంచిది. తరువాత ఒక్క లార్వా లోతును రెండు రోజులపాటు మన టైములో గీసి చూడండి. మీ జాతి లార్వాల అలవాటు వేరైతే దాన్ని బట్టి మార్చుకోండి.

లార్వాల సంఖ్య రెట్టింపు చేస్తే మబ్బు ఆకారం మారుతోందంటే సంఖ్య చాలలేదు. టైమ్‌స్టెప్ (ఒక లెక్కకూ తరువాతి లెక్కకూ మధ్య సమయం) సగం చేస్తే దారి మారుతోందంటే అది పెద్దదైంది. ఫైలు పాడవడం లాంటివి అరుదు, ఆఖర్న చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా తేడా మిగిలితే, వేర్వేరు రోజుల్లో లార్వాలను వదిలి ఆ తేడా ఎంతో కొలవండి. అప్పుడు దాన్ని అనిశ్చితి అని రాసుకోవచ్చు.