కొరాపుట్ కొండల్లో సైకిల్, వ్యాన్: బయల్దేరే ముందు జాగ్రత్తలు

జంటగా వెళ్తున్నవాళ్లు ముందు సైకిల్ బ్రేకులు చూసుకోండి. సుంకి నుంచి సాలూరుకు దిగే ఘాట్‌లో లారీలు ఎక్కువ. అరిగిన బ్రేకు రబ్బర్లు మార్చాకే కదలాలి. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలొచ్చు. నొక్కుతూ, వదులుతూ దిగండి. మలుపుల్లో పక్కపక్కన తొక్కొద్దు.

ఒకరు సైకిల్ మీద, ఒకరు వ్యాన్‌లో ఉంటే ఎక్కడ కలవాలో ఇంట్లోనే అనుకోండి. కొండల్లో సిగ్నల్ పోతే ఇద్దరికీ టెన్షన్.

అన్నిటికన్నా ముఖ్యం: ఎంత చలేసినా వ్యాన్‌లో బొగ్గుల కుంపటి పెట్టొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ కాస్త తెరిచాం కదా అని ధైర్యం చేయొద్దు. ఇంకో రెండు రగ్గులు తీసుకెళ్లండి. గ్యాస్ స్టవ్ కూడా బయటే వెలిగించండి.

దోమతెర తప్పనిసరి, ఇది మలేరియా ప్రాంతం. తిరిగొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరమొచ్చినా వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి.

వెంట ఉండాల్సినవి: పంక్చర్ కిట్, గాలి పంపు, టార్చి, నీళ్లు.

రాత్రికి బండి ఆపేముందు ఊరి పెద్దను అడగండి. లోపలి ఊళ్లలో దేశియా అనే ఒడియా యాస మాట్లాడతారు, తెలుగు తెలిసినవాళ్లూ దొరుకుతారు. వాళ్లు వద్దన్న చోట ఆగొద్దు.