ఒంగోలులో ఒక పూట దొరికితే మోటుపల్లి చూడండి

ఒంగోలుకు పనిమీద వచ్చి, చరిత్రంటే ఇష్టమున్నవారు కొత్తపట్నం బీచ్ చూసి ఊరుకోకండి. పొద్దున్నే చినగంజాం వైపు బయల్దేరి, ఉప్పు మడులు దాటి మోటుపల్లి వెళ్ళండి. 2022 దాకా ప్రకాశం జిల్లాలోదే, ఇప్పుడు బాపట్ల జిల్లా.

ఇప్పుడు చూస్తే చిన్న పల్లె. కాకతీయుల కాలంలో మాత్రం పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం తప్పక చూడాలి. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారు. ఇకపై సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని ఆ రాతిమీద మాటిచ్చాడు. సముద్రాన్ని నమ్ముకున్నవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

అరిగిన అక్షరాలు ఎదురు వెలుగులో కనపడవు. ఫోన్ టార్చ్‌ని రాతికి ఆనించినట్టు పక్కనుంచి వేయండి, గీతలు నీడతో లేచి కనిపిస్తాయి. సుద్ద, పిండి మాత్రం దయచేసి రుద్దకండి, రాయి పాడవుతుంది. నీళ్ళ సీసా వెంట ఉంచుకోండి.