రేడియోధార్మికత, 4వ పాఠం: బీటా పోతే పరమాణు సంఖ్య ఎందుకు పెరుగుతుంది?

థోరియం-232 సీసం-208గా మారేలోపు ఎన్ని ఆల్ఫాలు, ఎన్ని బీటాలు పోతాయన్నది పోయినసారి లెక్క. ఆల్ఫా అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ముద్ద, బీటా అంటే ఎలక్ట్రాన్. ఆరు ఆల్ఫాలని చాలామంది పట్టేశారు. బీటాల దగ్గరే బండి దిగబడింది. అందుకే అర్ధాయువు వచ్చే పాఠానికి జరుపుతున్నా. కాగితం ఆల్ఫాని, అల్యూమినియం రేకు బీటాని ఆపే సంగతి ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, దాటేద్దాం.

ముందు ద్రవ్యరాశి సంఖ్యే, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్కే పట్టుకోండి. ఈ వరసలో దాన్ని మార్చేది ఆల్ఫా ఒక్కటే. 232 − 208 = 24, నాలుగుతో భాగిస్తే 6. పరమాణు సంఖ్య అంటే ప్రోటాన్ల లెక్క, థోరియానికి అది 90. ఆల్ఫాకి రెండు చొప్పున 12 ప్రోటాన్లు పోయాయి: 90 − 12 = 78. సీసానికి 82 కావాలి. తక్కువపడ్డ నాలుగూ బీటాలు తెచ్చిపెట్టాలి.

"ఎలక్ట్రాన్ పోయిందిగా, ఒకటి తగ్గించొద్దా?" తిరకాసంతా ఇక్కడే. కక్ష్యలోని ఎలక్ట్రాన్ పోతే మూలకం మారదు, అయాన్ అవుతుంది. ఇసకపల్లి కొటార్లలో తేలే ఉప్పులో సోడియం ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకునే ఉంది, అయినా సోడియమే. బీటా వచ్చేది కేంద్రకంలోంచి: న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతూ ఎలక్ట్రాన్‌ని, యాంటీన్యూట్రినో అనే ఆవేశం లేని చిన్న కణాన్ని బయటికి నెడుతుంది. లోపల ప్రోటాన్ ఒకటి పెరిగింది. రాసేటప్పుడు ఎలక్ట్రాన్ గుర్తు కింద −1 వేసి తీరండి. రేడియం-228 ఆక్టీనియం-228 అయినప్పుడు 88 = 89 + (−1). అది వేయకుండా లెక్క సరిచూడలేరు.

కక్ష్యలోని ఎలక్ట్రానే కేంద్రకంలోకి పోతే? అదీ ఉంది. గూడూరు, సైదాపురం వైపు దొరికే మైకాలో పొటాషియం ఉంటుంది, అందులో 0.0117 శాతం పొటాషియం-40. దాని కేంద్రకాల్లో నూటికి 89 దాకా బీటా వదిలి కాల్షియం-40 అవుతాయి, 19 కాస్తా 20. మిగతావి దాదాపు అన్నీ కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ని లోపలికి లాక్కుని ఆర్గాన్-40 అవుతాయి, 19 కాస్తా 18. ఆ ఆర్గాన్ మామూలుగా వెంటనే గామా కిరణం కూడా వదులుతుంది, కానీ గామాతో రెండు సంఖ్యలూ కదలవు. మైకాలో చిక్కుకున్న ఈ ఆర్గాన్‌ని కొలిచే రాయి వయసు కడతారు.

అభ్యాసం: యురేనియం-235 నుంచి సీసం-207, ఇది రెండు నిమిషాల పని. అసలుది ఇది: బిస్మత్-212 కొన్నిసార్లు ముందు ఆల్ఫా, తర్వాత బీటా వదులుతుంది, కొన్నిసార్లు ముందు బీటా, తర్వాత ఆల్ఫా. రెండు దారుల్లోనూ మధ్యలో తగిలే మూలకాలేవి? నాలుగు సమీకరణాలూ కింది సంఖ్యలతో సహా రాయండి. ఆవర్తన పట్టిక చూసుకోవచ్చు.