తెలివికి పనికొచ్చే నిర్వచనం రాసుకోవడం ఎలా?

ఎందుకు కావాలో తేల్చుకోకుండా తెలివికి నిర్వచనం రాయబోతే చివరికి మంచి గుణాల జాబితా ఒకటి మిగులుతుంది. అందుకే ముందు ఏ నిర్ణయం కోసం ఇది కావాలో ఒక్క వాక్యంలో రాయండి. 1905లో ఫ్రెంచ్ మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే, ఆయన సహచరుడు థియోడర్ సిమోన్ పారిస్‌లో పరీక్ష తయారుచేసింది బడిలో అదనపు సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికే. ఆ కొలతను మారని గుణంగా చూడటాన్ని బినే ఒప్పుకోలేదు.

తర్వాత నైపుణ్యాన్ని పక్కకు తీయండి. 1997లో ఐబీఎం చదరంగం కంప్యూటర్ డీప్ బ్లూ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది. చదరంగం తప్ప మరో ఆట దానికి వచ్చేది కాదు. కాబట్టి నిర్వచనంలో మూడు సంగతులు ఉండాలి: ఏ రకం పనులు, ముందే తెలిసింది ఎంత, కొత్తగా నేర్చుకోవడానికి ఎంత అభ్యాసం పట్టింది. 2019లో కృత్రిమ మేధ పరిశోధకుడు ఫ్రాన్స్వా షోలే యంత్రాల విషయంలో చెప్పింది దాదాపు ఇదే. మూడోది వదిలేస్తే మీరు కొలిచేది తెలివిని కాదు, సాధనను.

ఇక పరీక్షించండి. ఐదు గుర్తులతో ఒక అంకెల పద్ధతి మీరే కల్పించండి. చేసి చూపిన లెక్క ఒకటి ఇచ్చి, వెంటనే కొత్త లెక్క ఒకటి అడగండి. వరుసగా మూడు సరిగ్గా వచ్చేదాకా ఎన్ని ఉదాహరణలు పట్టాయో రాసుకోండి. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఐదు ఆధారంగా లెక్కించడం ముందే వచ్చినవారికి ఇది కొత్త పనే కాదు. సమయం బిగిస్తే వేగం కొలుస్తారు. సూచనలు కఠినంగా రాస్తే చదివే శక్తిని కొలుస్తారు. అదే పజిల్ మళ్లీ ఇస్తే జ్ఞాపకాన్ని కొలుస్తారు. ఒక్క పజిల్‌తో ఎవరి గురించీ తేల్చకండి. పోలిక లేని నాలుగైదు పనులైనా ఉండాలి.

"పరీక్షలు కొలిచేదే తెలివి" అని అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్విన్ బోరింగ్ 1923లో అన్నమాట వెక్కిరింతగా వాడుతుంటారు. ఆయన దాన్ని తొలి మెట్టుగానే చెప్పాడు. అక్కడే ఆగిపోతే మాత్రం పరీక్ష తప్పని తేల్చే దారి ఉండదు.

ఐక్యూ అంకె వాడితే ఇది గుర్తుంచుకోండి: సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15 ఉన్న పరీక్షల్లో సుమారు 68 శాతం మంది 85, 115 మధ్య ఉంటారు. 120 వచ్చినవారికి 100 వచ్చినవారికంటే 20 శాతం ఎక్కువ తెలివి ఉందని కాదు. అది తోటివారిలో స్థానం మాత్రమే. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో సగటు దశాబ్దానికి దాదాపు 3 పాయింట్లు పెరిగింది. పాత ప్రమాణాలతో, అంటే ఎప్పుడో తీసిన సగటు లెక్కలతో పోలిస్తే అంకె ఉబ్బి కనిపిస్తుంది కాబట్టి, స్కోరు పక్కన ప్రమాణాలు తయారైన సంవత్సరమూ, కొలతలో అటూఇటూ అయ్యే పరిధీ తప్పక రాయండి.