గ్రానైట్ కటింగ్ పెడుతున్నారా, ముందు నీళ్ళు చూసుకోండి

మన శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, నందిగాం, మెళియాపుట్టి సైడ్ గ్రానైట్ కటింగ్ యూనిట్ పెడదామనుకునే కుర్రాళ్ళు ఫోన్ చేస్తే అడిగేది ఎప్పుడూ ఏ మిషన్ బాగుంటాది, కరెంటు లోడు ఎంత పెట్టించాలి అనే, బ్లేడు మీద నీళ్ళు పడుతూ ఉంటేనే రాయి కొయ్యగలం, ఆ నీళ్ళ గురించి మాత్రం ఒక్కళ్ళూ అడగరు. నేనూ అలాగే చేశాను, షెడ్డు లేచాక బోరు తీయించాను, సంక్రాంతికి దివ్యంగా పోసింది, మే వచ్చేసరికి మోటారు గాలి లాగడం మొదలెట్టింది, నెలన్నర ట్యాంకర్లు కొని బ్లేడు తిప్పాను, ఆ వేసవి మిగలాల్సిందంతా ట్యాంకర్లకే పోయింది.

పెద్ద కంపెనీలకీ ఇదే లెక్క. అమెరికాలో కొలరాడో సైడ్ ఆయిల్ షేల్ అని ఒక రాయి ఉంది, దాన్ని తవ్వి కాల్చి నూనె తీయాలంటే బ్యారెల్ నూనెకి 2 నుంచి 4 బ్యారెళ్ళ నీళ్ళు పడతాయని 2010లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ ఆఫీసు చెప్పింది. ముందు వాడుకున్నోడికే ముందు హక్కు అనేది అక్కడి పద్ధతి, అందుకే నూనె తీయడం మొదలెట్టకముందే, దశాబ్దాల క్రితమే కంపెనీలు నది నీళ్ళ హక్కులు కొనిపెట్టుకున్నాయి.

మనం చెయ్యాల్సింది ఏటంటే, ముందు బోరు, తర్వాతే షెడ్డు. మన దగ్గర కింద గట్టి రాయి, నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటాయి, పక్క చేలో పడ్డాయి కదా అని మనకీ పడాలని లేదు, జియాలజిస్టుని పిలిచి పాయింటు పెట్టించండి. 2002 వాల్టా చట్టం (నీళ్ళు, భూమి, చెట్ల చట్టం) కింద పర్మిషన్ తీసుకోండి, ఊరి మంచినీళ్ళ బోరుకి 250 మీటర్ల లోపు అసలు వద్దు. మన మోటారు వల్ల ఊరోళ్ళ బోరు ఎండితే ఆ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేం.

బోరు పరీక్ష మేలోనే చెయ్యండి. మోటారు ఆపకుండా ఆరేడు గంటలు నడిపి, మొదట్లో ఓసారి చివర్లో ఓసారి 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టి ఫోన్లో టైం చూడండి. రెండు నిమిషాల్లో నిండితే గంటకి 6,000 లీటర్లు, చివర్లో నాలుగు నిమిషాలు పడితే 3,000. ఆ చివరి లెక్కనే నమ్ముకుని మిషన్ సైజు తేల్చుకోండి.

వంశధార కాలవ పక్కనే ఉంది కదా అంటారు, అది వరికి ఇచ్చే నీళ్ళు, పర్మిషన్ లేకుండా మోటారు దించకండి, పైగా మనకి అవసరమైన ఎండాకాలంలో కాలవలో నీళ్ళుండవు.

అసలు నీళ్ళు మన షెడ్డులోనే ఉన్నాయండి. బ్లేడు మీద పోసిన నీళ్ళు ఎక్కడికీ పోవు, రాతిపొడి కలిసి పాలలాగా కిందకి వస్తాయి, వాటిని వరసగా మూడు తొట్టెల్లోకి వదలండి, మొదటి దాంట్లో బురద దిగుతుంది, పైన తేరిన నీళ్ళు రెండో దాంట్లోకి, అక్కడినుంచి మూడో దాంట్లోకి పొర్లాలి. మూడో తొట్టి నీళ్ళు స్టీలు గ్లాసుతో ముంచి పది నిమిషాలు కదపకుండా ఉంచి అడుగున వేలు పెట్టండి, గరగరగా తగిలితే తొట్టెలు చాలట్లేదని అర్థం, ఆ నీళ్ళు పాలిష్‌కి వాడితే రాయి మీద గీతలు పడతాయి. కొంచెం పటిక వేస్తే తొందరగా తేరుకుంటాయి. నీళ్ళు మిగులుతాయని బ్లేడు దగ్గర మాత్రం తగ్గించొద్దు, ఆ పొడి పనోళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పోయిన ఊపిరి మళ్ళీ రాదు.

తీసిన బురద గోతిలో ఆరబెట్టండి, గెడ్డలోకి (వాగులోకి) వదలకండి, చేలోకి పోతే ఎండి పలకలా గట్టిపడి విత్తనం మొలవదు.

ఇంక వాన. 5,000 చదరపు అడుగుల రేకుల షెడ్డు మీద మన జిల్లాలో ఏడాదికి పడే వానలో సుమారు నాలుగు లక్షల లీటర్లు పట్టుకోవచ్చు. జూన్ రాకముందే గట్టర్లు శుభ్రం చేసి, తొలి వాన బయటికి వదిలేసి, తర్వాతవి బోరు పక్కన ఇంకుడు గుంతలోకి తిప్పండి, గుంత అడుగున పెద్ద రాళ్ళు, మీద కంకర, పైన ఇసుక. గుంతలోకి మాత్రం కటింగ్ బురద చుక్క కూడా పోకుండా గట్టు కట్టండి, ఒకసారి ఆ పొడి ఇసుకలో పేరుకుంటే నీళ్ళు ఇంకవు, మొత్తం తవ్వి మళ్ళీ నింపుకోవాలి.